ఇరవై ఆరు సున్నా మూడు

రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్ మెట్లు
ఇరవై రెండేళ్లుగా ఎక్కుతున్నాను.
ఆ సోమవారం నా సంచిలో ఫైలు,
ఫైలు మధ్య పాలిథిన్ పొట్లం,
పొట్లంలో గుప్పెడు పచ్చటి పొడి.

కాంగోలో ఎవరో తవ్వారు.
దారెస్సలాంలో ఓడెక్కింది.
ఇక్కడ హార్బర్ యార్డులో పదకొండో రోజు,
కదలకుండా కూర్చుని డెమరేజి తింటోంది.
అంబత్తూరు నుంచి ముదలాళి గంటకోసారి ఫోను:
"ఏమయింది? ఏమయింది?"
ఏమీ కాలేదండీ. పేరు పెట్టడం కాలేదు.
మనిషి బిడ్డకి ఇరవై ఒకటో రోజు దాకా టైముంది,
కంటైనరుకి ఎవరిస్తారు?

ఇళంగోవన్ సారు పొట్లం విప్పి
బొటనవేలితో నలిపి చూశాడు.
"మణ్ణా, మరుందా?" అన్నాడు.
మన్నా, మందా.
మన్నయితే ఇరవై ఆరో అధ్యాయం, రాగి ఖనిజం.
మందయితే ఇరవై ఎనిమిది, రసాయనం.
అప్పుడు సుంకం వేరు, జరిమానా వేరు,
ముదలాళి ముందు నా మొహం వేరు.

"మన్నే సార్."
"మన్ను ఇంత పచ్చగా ఉంటుందా?"
"రాగికి చిలుమెక్కితే పచ్చనే కద సార్,
మా ఇంట్లో చెంబు తెచ్చి చూపిస్తా."
నవ్వలేదు.
"కొలిమికి పోతుందా ఇది?"

పోదు. అబద్ధమాడలేదు నేను.
అంబత్తూరులో యాసిడ్ తొట్టిలో మునిగి
మైలుతుత్తమై లేస్తుంది.
ఎక్కడో ద్రాక్షతోటలో
ఆకుల మీద నీలంగా ఎండుతుంది.
"కొలిమి మొహం చూడనిది ఖనిజమెలాగయ్యా?"

అప్పుడు తీశాను పుస్తకం.
అట్ట ఊడింది. నా వేళ్ల జిడ్డుకి
ఆ ఒక్క పేజీ మూల నల్లబడింది.
అధ్యాయం మొదట్లో, చీమ తలకాయంత అక్షరాల్లో:
లోహం తీసే జాతి రాయి అయితే చాలు,
వేరే పనికి పోయినా ఖనిజమే.
ఏ రాయివి అని అడుగుతుంది ఆ వాక్యం,
రేపేమవుతావని అడగదు.
మా వాడి ప్లస్ టూ మార్కులొచ్చిన రాత్రి కూడా
నేనిది తీసి చదువుకున్నాను.

సారు రెండుసార్లు చదివాడు.
"రాయే అని ఎవరు చెప్పాలి? ల్యాబుకి పంపు."
పొట్లం మళ్లీ కట్టాను.

నాలుగు రోజులు. నాలుగు రోజుల డెమరేజి.
శుక్రవారం యమునాబాయి మేడం
భూతద్దం కింద పళ్లెం పెట్టి "చూడు" అంది.
పచ్చదనం నిండా తెల్లటి ఇసుక పలుకులు,
తుప్పు ఎరుపు, నల్లటి నలుసులేవో,
ఒక అభ్రకం రేకు తళుక్కుమని ఆరిపోయింది.
"ఫ్యాక్టరీలో వండింది ఇంత మురికిగా ఉండదు.
ఈ చెత్తంతా దాని ఊరు" అంది,
అని టిఫిన్ డబ్బా విప్పుకుంది.

ఇళంగోవన్ సారు సిస్టంలో కొట్టాడు:
ఇరవై ఆరు, సున్నా మూడు.
నాలుగు అంకెలు. తలెత్తలేదు.
"పో," అన్నాడు, "పోయి గేటు పాసు చూసుకో."

సాయంత్రం బీచ్ స్టేషన్లో
గుమ్మిడిపూండి బండి కోసం నిలబడ్డాను.
గూడూరు నుంచి మేనత్త కొడుకు ఫోను.
"బండి వందాచ్చురా, మళ్లా మాట్లాడతా" అన్నాను.
పడీ పడీ నవ్వాడు.
"ఒరే, నీ తెలుగులో సగం అరవమేరా!"

సగం ఉండదు.
శాతం ఎంతో యమునాబాయి మేడాన్నడగాలి.

కమ్మీ పట్టుకున్న చేతికి
బొటనవేలి గోట్లో ఇంకా పచ్చగానే ఉంది,
సబ్బుకి పోలేదు.
పదిహేను రోజుల డెమరేజికి
రేపు ముదలాళి తిట్టే తిట్లు తలుచుకుంటూ
తండయార్‌పేట దాకా
దాన్నే చూసుకుంటూ వచ్చాను.